లారీ గేటు దాటకముందే: సరుకు రవాణాలో వచ్చే చిక్కులు, వాటిని విడదీసుకునే తీరు

గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక వ్యాపారి కొట్టులో లారీలు మాట్లాడటం, లోడు చేయించడం, కాగితాలు సిద్ధం చేయడం నా పని. పదిహేడేళ్లుగా ఇదే. ఇన్నేళ్లలో తెల్లవారుజామున నన్ను నిద్రలేపిన ఫోన్లన్నీ కలిపితే ఆరేడు రకాలకు మించవు. ఒప్పుకున్న బండి రాలేదు. వచ్చిన బండి దారిలో ఆగిపోయింది. తూకం తగ్గింది. బస్తాలు తడిశాయి. ఈ-వే బిల్లు (సరుకు కదలడానికి జీఎస్‌టీ పోర్టల్లో తీసుకునే పత్రం) గడువు దాటింది. మిగతా కిరాయి ఖాతాలో పడితేగానీ మోకులు విప్పనని డ్రైవరు కూర్చున్నాడు. సరుకు మిర్చి కావచ్చు, సిమెంటు కావచ్చు, నిజామాబాద్ పసుపు కావచ్చు, ఫోను మాత్రం ఇదే.

నాకు బుద్ధి చెప్పింది ఒక ఆగస్టు నెల లోడు. దారంతా వాన. బండి చేరగానే అక్కడి గుమస్తా బస్తాలు లెక్కపెట్టుకుని, ఎల్‌ఆర్ (ట్రాన్స్‌పోర్టు వాళ్లు ఇచ్చే సరుకు రసీదు) వెనక 'సరుకు సరిగా ముట్టింది' అని రాసి, సంతకం పెట్టి, ముద్ర వేసి డ్రైవరును పంపించేశాడు. సాయంత్రం బస్తాల నిట్టు కదిలిస్తే కింది వరుసలో 11 బస్తాలు తడి. మర్నాడు నేను ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకు వెళ్తే మేనేజరు మాట్లాడకుండా ఆ కాగితం తిప్పి ముద్ర చూపించాడు. నా దగ్గర లోడింగు నాటి ఫొటో ఒక్కటి కూడా లేదు. నష్టం మా ఖాతాలోనే పడింది.

అందుకే ఈ మార్గదర్శిని సమస్యల జాబితాలా కాకుండా సరుకు కదిలే వరుసలో రాస్తున్నాను. ఎక్కువ చోటు బండి బయలుదేరకముందు పనులకే ఇచ్చాను. గొడవ పుట్టేది దిగుమతి (సరుకు దించడం) దగ్గరైనా, దాన్ని తేల్చే సాక్ష్యం పుట్టేది ఎగుమతి (బండికి ఎక్కించడం) దగ్గరే.

మొదటి మెట్టు: కిరాయి మాట్లాడటం

కిరాయి రెండు రకాలుగా మాట్లాడతారు, టన్నుకు ఇంతని లేదా బండి లెక్కన. సిమెంటు, ఇనుము వంటి బరువు సరుకుకు టన్ను లెక్క బాగుంటుంది. మిర్చి, పత్తి వంటివి తేలిక సరుకులు, బరువు కంటే ముందు చోటు నిండిపోతుంది. వీటికి బండి లెక్కే మేలు. టన్ను లెక్కన మాట్లాడితే లారీ వాళ్లు 'గ్యారంటీ బరువు' అడుగుతారు, అంటే సరుకు తక్కువ ఎక్కినా ఫలానా టన్నులకు కిరాయి ఇవ్వాల్సిందే. ఆ మాట ముందు తెలియక బిల్లు చూశాక గొడవపడేవారిని ప్రతి సీజన్లో చూస్తాను.

అసలు తగాదా కిరాయి అంకె మీద రాదు. అందులో ఏమేమి కలిసి ఉన్నాయన్న దాని మీద వస్తుంది. హమాలీ కూలి ఎవరిది? బండి ఎన్ని గంటలు ఉచితంగా ఆగుతుంది? ఆ తర్వాత బండి ఆపినందుకు ఇచ్చే హాల్టింగు రోజుకు ఎంత? ఇవన్నీ ఫోనులో మాట్లాడుకుంటే సరిపోదు. మాట కుదరగానే నేను పంపే సందేశం ఇలా ఉంటుంది (టిక్కీ అంటే మిర్చి బస్తా):

"గుంటూరు నుంచి ఢిల్లీ. ఎండుమిర్చి 380 టిక్కీలు, సుమారు 16 టన్నులు. పది చక్రాల బండి. కిరాయి బండి లెక్కన ఇంత. డీజిలు, టోలు, దారి ఖర్చులు మీవి. ఎగుమతి హమాలీ మాది, దిగుమతి హమాలీ కొన్నవారిది. ఇక్కడ 12 గంటలు, అక్కడ 24 గంటలు ఉచితం, ఆపై రోజుకు ఇంత హాల్టింగు. అడ్వాన్సు ఇంత, లారీ యజమాని ఖాతాకే వేస్తాం. మిగతాది సంతకమైన ఎల్‌ఆర్ ఫొటో అందిన రోజే. దారిలో సరుకు వేరే బండిలోకి మార్చాల్సి వస్తే ముందు మాకు చెప్పాలి."

అటునుంచి 'సరే' అని ఒక్క మాట వస్తే చాలు. ఆ మాట రాకుండా బండిని కొట్టు ముందు పెట్టనివ్వను. ఒప్పుకున్న బండి రాకపోవడానికి కూడా చాలావరకు ఇదే మందు. నోటిమాట మీద ఉన్న లారీ బ్రోకరు వంద రూపాయలు ఎక్కువ ఇచ్చే చోటికి బండిని మళ్లిస్తాడు, రాసి ఇచ్చినవాడు కాస్త వెనకాడతాడు. సీజన్లో అయితే ఆ కాస్తా సరిపోదు కాబట్టి, ఇద్దరు బ్రోకర్లతో మాట ఉంచుకోవడం తప్పు కాదు. ఒకే లోడును ఇద్దరికీ ఖాయం చేయడం మాత్రం తప్పు. అలా రెండు బళ్లు వచ్చి నిలబడిన రోజు తెలుస్తుంది ఆ సంగతి.

రెండో మెట్టు: బండినీ మనిషినీ పోల్చుకోవడం

సరుకుతో సహా లారీ మాయమైన కేసుల్లో తరచుగా బయటపడేది ఒకటే: నంబరు ప్లేటు ఒకరిది, బండి ఇంకొకరిది. ఎం-పరివాహన్ యాప్‌లో బండి నంబరు కొడితే రిజిస్ట్రేషను, ఫిట్‌నెస్, బీమా, కాలుష్య ధ్రువపత్రం గడువులు కనిపిస్తాయి. అక్కడితో ఆగకండి. డ్రైవరు చూపించే ఆర్‌సీలోని చాసిస్ నంబరును బండి మీద చెక్కిన నంబరుతో పోల్చండి. కాస్త మట్టి తుడవాల్సి వస్తుంది, ఐదు నిమిషాల పని. డ్రైవరు లైసెన్సు, ముఖం, బండి ముందు భాగం నంబరుతో సహా మూడు ఫొటోలు తీసుకోండి. కొత్త బండి అయితే ఆర్‌సీలో పేరున్న యజమానితో ఒకసారి నేరుగా మాట్లాడండి. "మీ బండి ఇప్పుడు ఎక్కడుంది?" అని అడిగితే చాలు. నిజమైన యజమాని తడుముకోకుండా ఊరి పేరు చెబుతాడు.

తర్వాత తొట్టి చూడాలి. ఇంతకుముందు ఏ లోడు దించాడో అడగండి. రసాయనాలో, ఎరువులో, చేపలో మోసిన బండిలో తిండి సరుకు ఎక్కిస్తే వాసన పట్టుకుంటుంది, అది ఏ బీమాతోనూ వదలదు. నేల చెక్కల సందులు, బయటికి పొడుచుకొచ్చిన మేకులు, వెనక డాలా (తొట్టి తలుపు) గొళ్లెం చూడండి.

ఇక పట్టా, అంటే సరుకు మీద కప్పే టార్పాలిన్. దీన్ని బయట నుంచి చూసి బాగుందనుకోవడం అందరూ చేసే పొరపాటు. నేను చేసేది ఇది: ఖాళీ తొట్టి మీద పట్టా పరిపించి, మధ్యాహ్నం ఎండలో నేను లోపలికి ఎక్కి నిలబడతాను. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక పైకి చూస్తే చిల్లులు నక్షత్రాల్లా కనిపిస్తాయి. మడత పడే అంచుల దగ్గర, మోకు రాసుకునే చోట ఎక్కువగా ఉంటాయి. ఒకసారి అలా లెక్కపెడుతుంటే పైన ఉన్న డ్రైవరు వంగి చూసి, "ఎన్ని ఉన్నాయి బాబుగారూ?" అన్నాడు. "ఇరవై మూడు." "నేను పద్నాలుగే అనుకున్నాను" అంటూ దిగి, తన క్యాబిన్‌లోంచి రెండో పట్టా తీసుకొచ్చాడు. అడిగితేనే రెండో పట్టా బయటికి వస్తుంది.

మూడో మెట్టు: కాటా

తూకం తగ్గిందన్న ఫిర్యాదుల్లో దొంగతనం ఉన్నవి నేను చూసినంతలో తక్కువే. ఎక్కువ భాగం తూచే తీరులోని తేడాలు. ఖాళీ బండిని తూచి, తర్వాత లోడుతో తూచి, తేడాను సరుకు బరువుగా రాస్తారు. ఈ రెండు తూకాల మధ్య డ్రైవరు డీజిలు కొట్టించాడనుకోండి. లీటరు డీజిలు బరువు సుమారు 0.84 కిలోలు. 300 లీటర్లు పోయిస్తే 250 కిలోలు. ఆ 250 కిలోలు మీ బిల్లులో మిర్చిగా నమోదవుతాయి. గమ్యం చేరేసరికి ఆ డీజిలు కాలిపోతుంది, అక్కడి కాటా ఆరు టిక్కీల తరుగు చూపిస్తుంది. పాపం డ్రైవరు దొంగ అవుతాడు.

కాబట్టి ట్యాంకు నింపడం ఉంటే ఖాళీ తూకానికి ముందే నింపించండి. రెండు తూకాలప్పుడూ డ్రైవరు, క్లీనరు కిందికి దిగాలి, లేదా రెండుసార్లూ ఎక్కే ఉండాలి. నీళ్ల డబ్బాలు, అదనపు టైరు, పట్టాలు రెండు తూకాల్లోనూ బండి మీదే ఉండాలి. రెండు తూకాలూ ఒకే కాటా మీద జరగాలి. కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉందో లేదో చూడండి. కాటా చీటీ మీద సమయం కూడా ముద్రపడుతుంది, దాన్ని ఫొటో తీసి కొన్నవారికి అప్పుడే పంపండి.

ఎండుమిర్చి, పసుపు, ధాన్యం దారిలో తేమ కోల్పోయి కొంత బరువు తగ్గుతాయి. ఎంత తగ్గితే సహజం, ఎంత దాటితే తరుగు అన్నది కొన్నవారితో ముందే ఒప్పుకుని బిల్లులో రాసుకోవాలి. బస్తాల లెక్క సరిపోయి, కుట్లు విప్పకుండా ఉండి, బరువు మాత్రమే కాస్త తగ్గితే ఆ మాట లారీ వాడితో కాదు, కొన్నవారితో మాట్లాడుకోవలసినది.

కాటా దగ్గరే ఇంకో సంగతి, అధిక లోడు. కేంద్రం 2018 జులైలో ఇరుసు బరువు పరిమితులు పెంచాక మూడు ఇరుసుల పది చక్రాల లారీ బండితో కలిపి 28.5 టన్నుల దాకా ఉండవచ్చు, అంతకుముందు ఇది 25 టన్నులే. బండి ఖాళీ బరువు తీసేస్తే మిగిలేదే మీ సరుకు. అంతకు మించితే, మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం జరిమానా 20,000 రూపాయలు, పైన ప్రతి అదనపు టన్నుకు 2,000, ఎక్కువైన సరుకు అక్కడే దించే ఖర్చు అదనం. "అన్నీ నేను చూసుకుంటాను" అని డ్రైవరు అన్నా ఒప్పుకోకండి. దారి పక్కన దించిన సరుకు మీది. అధిక లోడుతో ప్రమాదం జరిగితే బీమా కంపెనీ మొదట పట్టుకునేది ఈ కాటా చీటీనే.

నాలుగో మెట్టు: ఎగుమతి

హమాలీలతో పేచీ పెట్టుకుని లోడు చేయించకండి. వాళ్ల చేతిలో ఉన్నంత మన చేతిలో లేదు. ముఠా మేస్త్రీతో ముందే రెండు మాటలు చెప్పుకోండి: కొక్కెం వేయవద్దు, తలుపు దగ్గర వరుసను నిలువుగా కట్టవద్దు. కొక్కెం దిగిన గోనె సంచి దారిలో కుదుపులకు నోరు తెరుస్తుంది. నిలువుగా కట్టిన చివరి వరుస డాలా తీయగానే మీద పడుతుంది.

కింద ఒక పట్టా పరవాలి, పైన రెండు కప్పాలి. లెక్క ఇద్దరు రాయాలి, మన మనిషి ఒకరు, లారీ మనిషి ఒకరు. యాభై బస్తాలకు ఒకసారి ఇద్దరూ అంకె పోల్చుకుంటే చివర్లో 379 అని ఒకరు, 381 అని మరొకరు అనే గోల ఉండదు. నేల పట్టా పరిచినప్పుడు, సగం నిండినప్పుడు, పూర్తయ్యాక, మోకులు బిగించాక నాలుగు ఫొటోలు తీయండి. ఈ నాలుగే నాకు ఆ ఆగస్టులో లేనివి.

శీతల గిడ్డంగి నుంచి తీసిన సరుకుకు ఒక చిక్కు ఉంది. చల్లటి బస్తాను వేడి గాలిలోకి తేగానే దానికి చెమ్మ పడుతుంది. వెంటనే లోడెత్తి పట్టా బిగిస్తే ఆ చెమ్మ లోపలే ఉండి బూజు కడుతుంది. అక్కడ విప్పినవారు వాన తడి అనుకుని లారీ మీద పడతారు. పైనుంచి తడిస్తే వాన, నడిమధ్య బస్తా తడిస్తే చెమ్మ. తొందర ఉన్నా సరే, గిడ్డంగి సరుకును కొన్ని గంటలు ఆరనిచ్చి ఎక్కించండి.

అయిదో మెట్టు: కాగితాలు

బండితో వెళ్లాల్సినవి బిల్లు, ఎల్‌ఆర్, ఈ-వే బిల్లు. కొందరు ఎల్‌ఆర్‌ను బిల్టీ అంటారు. చాలామంది దాన్ని డ్రైవరు జేబులో ఉండే చీటీగా చూస్తారు. రేపు కోర్టులో నిలబడేది అదే. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం 2011 మార్చి 1 నుంచి అమల్లో ఉంది, 1865 నాటి పాత చట్టం స్థానంలో వచ్చింది. దీని ప్రకారం సరుకు పోయినా పాడైనా ట్రాన్స్‌పోర్టరు నిర్లక్ష్యాన్ని మీరు రుజువు చేయనక్కర్లేదు. వినడానికి ఇది బలంగానే ఉంటుంది. మెలిక ఇంకోచోట ఉంది. విడిగా ఎక్కువ రేటు కట్టి పూర్తి బాధ్యత ఒప్పించుకుంటే తప్ప, ట్రాన్స్‌పోర్టరు ఇవ్వాల్సిన పరిహారం కిరాయికి పది రెట్లతో ఆగిపోతుంది.

లెక్క వేసి చూడండి. 380 టిక్కీల మిర్చి, కిలో 150 రూపాయలు అనుకుంటే 24 లక్షల సరుకు. కిరాయి 90,000 అనుకుంటే దానికి పది రెట్లు 9 లక్షలు. మిగతా 15 లక్షలు ఎవరివి? అందుకే సరుకు విలువను ఎల్‌ఆర్‌లో రాయించాలి, ఆ తేడాకు బీమా ఉండాలి.

బ్రోకరు ద్వారా బండి తీసుకుంటే ఇంకో తిప్పలు. నష్టం జరగగానే "నేను బండి చూపించానంతే" అంటాడు. కానీ ఈ చట్టం రవాణాదారు అన్న మాటలో బుకింగు కంపెనీలనూ ఏజెంట్లనూ బ్రోకర్లనూ కూడా కలిపింది. అందువల్ల బ్రోకరు పేరుతో రసీదు అడగండి. ఇవ్వనంటే అడ్వాన్సు ఇచ్చే ముందే అతని సంగతి తెలిసిపోయినట్టు.

డబ్బు విషయంలో నా నియమం ఒక్కటే, లారీ డబ్బు లారీ యజమాని ఖాతాకే, బ్రోకరు కమీషను బ్రోకరు ఖాతాకే. రెండూ ఒకే చోట వేస్తే, అక్కడి నుంచి యజమానికి వెళ్లకపోతే, మీ సరుకు ఢిల్లీలో తాకట్టులో ఉన్నట్టే. నగదు కూడా తగ్గించండి. ఒక రవాణాదారుకు ఒకే రోజు 35,000 రూపాయలకు మించి నగదు ఇస్తే ఆదాయపన్ను లెక్కల్లో ఆ ఖర్చు చెల్లదు.

ఈ-వే బిల్లు సరుకు విలువ 50,000 దాటితే కావాలి. రాష్ట్రాల మధ్య రవాణాకు 2018 ఏప్రిల్ 1న, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల లోపలి రవాణాకు అదే నెల 15న మొదలైంది. తాజా కూరగాయలు, పండ్ల వంటి పన్ను లేని సరుకులకు అక్కర్లేదు, అందుకే మదనపల్లె టమోటా వ్యాపారికి ఈ తలనొప్పి లేదు, అతని తలనొప్పి వేరే. ఇందులో రెండు భాగాలు ఉంటాయి. మొదటిది సరుకు వివరాలు, రెండోది బండి నంబరు. గడువు గడియారం తిరగడం మొదలయ్యేది బండి నంబరు ఎక్కించాకే. మొదటి భాగం నింపి పెట్టుకుంటే నంబరు చేర్చడానికి 15 రోజులు ఉంటాయి. కనుక మొదటి భాగం ముందే సిద్ధం చేసుకుని, మోకులు బిగించాక నంబరు ఎక్కించండి.

గడువు 200 కిలోమీటర్లకు ఒక రోజు. చిత్రం ఏమిటంటే ఢిల్లీ లోడుకు ఇది ఎప్పుడూ సమస్య కాదు. సుమారు 1,800 కిలోమీటర్లకు తొమ్మిది పది రోజులు వస్తాయి, లోడు బండి రోజుకు 350 నడిచినా ఆరో రోజుకు చేరుతుంది. చిక్కంతా దగ్గర ఊళ్లతోనే. హైదరాబాద్‌కు రెండు రోజులే. ట్రాన్స్‌పోర్టు వాళ్లు మిగతా చోటు నింపుకోవడానికి గోడౌనులో ఒక రోజు ఆపితే, పట్టపగలు భారీ వాహనాలను నగరంలోకి రానివ్వక పొలిమేరలో ఒక పూట నిలిపితే, గడువు అక్కడే కరిగిపోతుంది.

ఆరో మెట్టు: బీమా

లారీకి బీమా ఉందని డ్రైవరు చూపించే కాగితం లారీకే, మీ సరుకుకు కాదు. సరుకుకు వేరే రవాణా బీమా ఉంటుంది. ఇందులో ఏ, బీ, సీ అని మూడు క్లాజులు. సీ అంటే నిప్పు, పిడుగు మాత్రమే. బీ అయితే బండి బోల్తా పడటం, ఢీకొట్టడం, వంతెన కూలడం వంటివి కూడా కలుస్తాయి. దొంగతనం, తరుగు, వాన తడి వంటివి కావాలంటే ఏ తీసుకోవాలి. ప్రీమియం తేడా చూసి బీ దగ్గర ఆగేవారు, తడిసిన సరుకుతో వెళ్లినప్పుడు ఆ సంగతి తెలుసుకుంటారు. ఏ క్లాజు తీసుకున్నా ఆలస్యం వల్ల చెడిన సరుకు, సహజంగా తగ్గే బరువు, నాసి ప్యాకింగు వల్ల కలిగిన నష్టం రావు. నెలకు నాలుగైదు లోడ్లు పంపేవారు ఏడాదికి ఒకే ఓపెన్ పాలసీ తీసుకుంటే ప్రతిసారీ పరిగెత్తక్కర్లేదు, కానీ ప్రతి లోడు వివరం కంపెనీకి చేరవేయడం మరిచిపోకూడదు.

ఏడో మెట్టు: బండి దారిలో ఉన్నప్పుడు

రోజుకు రెండుసార్లు చాలు ఫోను. గంటకోసారి చేస్తే డ్రైవరు విసిగి ఫోను ఆపేస్తాడు, అప్పుడు మనకు భయం మొదలవుతుంది. అసలు సమాచారం యజమాని ఫోనులో ఉంటుంది. టోలు గేటు దాటిన ప్రతిసారీ ఫాస్టాగ్ సందేశం ఆయనకే వెళ్తుంది, డ్రైవరు 'నాగపూర్ దాటాను' అన్నప్పుడు ఆ సందేశం పంపమంటే నిజం తెలుస్తుంది.

బండి చెడిపోతే సరుకు వేరే బండిలోకి మార్చే ముందు కొత్త నంబరును ఈ-వే బిల్లు రెండో భాగంలో ఎక్కించాలి, ముందు ఎక్కించి తర్వాత కదలాలి. మార్చేచోట బస్తాలు మళ్లీ లెక్కపెట్టి వీడియో తీయమనండి.

2024 సెప్టెంబరు 1న మున్నేరు వరద నందిగామ దగ్గర ఐతవరం వద్ద విజయవాడ–హైదరాబాద్ రహదారి మీదికి వచ్చింది. అంతకు ముందు ఏడాది జులైలోనూ అదే చోట వచ్చింది. బళ్లు కిలోమీటర్ల కొద్దీ నిలబడిపోయాయి. అలాంటప్పుడు ఈ-వే బిల్లు గడువు పొడిగించుకోవచ్చు, కానీ గడువు ముగియడానికి 8 గంటల ముందు నుంచి ముగిశాక 8 గంటల వరకే ఆ కిటికీ తెరిచి ఉంటుంది. కారణాల్లో ప్రకృతి వైపరీత్యం ఎంచుకుని, బండి ఉన్న చోటు పిన్‌కోడ్, మిగిలిన దూరం రాయాలి. బిల్లులో ట్రాన్స్‌పోర్టరు గుర్తింపు నంబరు ఇచ్చి ఉంటే పొడిగించాల్సింది ఆయనే, మీ లాగిన్‌లో కుదరదు. అర్ధరాత్రి ఇది తెలిస్తే ప్రయోజనం లేదు కాబట్టి ఆ ఆఫీసులో రాత్రి ఫోను ఎత్తేది ఎవరో ముందే కనుక్కోండి. గడువు దాటిన బిల్లుతో బండి మాత్రం కదపవద్దు.

అధికారులు ఆపితే డ్రైవరు చేయవలసిందల్లా కాగితాలు చూపించి మీకు ఫోను చేయడం. మామూళ్ల బేరం డ్రైవరుతో మొదలవనివ్వకండి, ఫోను మీరు తీసుకుని ఏ లోపమని ఆపారో కాగితం మీద అడగండి. తనిఖీ పేరుతో 30 నిమిషాలకు మించి ఆపితే ఆ విషయాన్ని పోర్టల్లో నమోదు చేసే ఫారం ఒకటి ఉంది. ఒక రాష్ట్రంలో ఒకసారి సరుకు తనిఖీ అయ్యాక, పన్ను ఎగవేతపై ప్రత్యేక సమాచారం ఉంటే తప్ప, ఆ ప్రయాణంలో అదే రాష్ట్రంలో మళ్లీ విప్పించకూడదు.

చిన్న తప్పులకూ పెద్ద తప్పులకూ తేడా తెలిసి ఉండాలి. 2018 సెప్టెంబరు 14 నాటి జీఎస్‌టీ సర్క్యులర్ ప్రకారం పేరులో అక్షర దోషం, చిరునామా సరిగా ఉండి పిన్‌కోడ్ తప్పడం, బండి నంబరులో ఒకటి రెండు అంకెలు మారడం వంటి వాటికి సరుకు పట్టుకోకూడదు, జరిమానా మొత్తం 1,000 రూపాయలు. అసలు ఈ-వే బిల్లే లేకపోతే, సరుకు యజమాని ముందుకొచ్చినా, పన్నుకు రెండు రెట్లు కట్టాలి. మన 24 లక్షల మిర్చికి 5 శాతం పన్ను 1,20,000, జరిమానా 2,40,000. ఆ సర్క్యులర్ ప్రతి ఒకటి ఫోనులో ఉంచుకోండి, నాకు రెండుసార్లు పనికొచ్చింది.

ఎనిమిదో మెట్టు: దిగుమతి, తగాదా

కొన్నవారి గుమస్తాకు బండి చేరకముందే ఈ నాలుగు మాటలు చెప్పండి. పట్టా విప్పకముందు ఒక ఫొటో, విప్పగానే ఒకటి. తడి కనిపిస్తే దించడం ఆపి ఫోను చేయాలి. దించాక లోపం ఉంటే ఎల్‌ఆర్ మీదనే, డ్రైవరు ఎదుట రాయాలి: "380కి 380 ముట్టాయి. ఎడమ డాలా వైపు కింది వరుసలో 11 తడిశాయి, 2 చిరిగాయి." కింద డ్రైవరు సంతకం. డ్రైవరు సంతకం పెట్టనంటే 'డ్రైవరు నిరాకరించాడు' అని రాసి, ఇద్దరు సాక్షుల సంతకాలతో ఫొటో తీయాలి. 'తనిఖీ చేయాల్సి ఉంది' అని మాత్రం రాయకండి, అది ఎవరికీ పనికిరాదు.

ఆ రోజే బీమా కంపెనీకి తెలపండి. సర్వేయరు చూసేదాకా తడిసిన బస్తాలను విడిగా ఉంచండి కానీ పారేయకండి. ట్రాన్స్‌పోర్టరుకు కూడా రాతపూర్వకంగా నష్టపరిహారం అడుగుతూ నోటీసు పంపండి. దీనికి గడువు బుక్ చేసిన రోజు నుంచి 180 రోజులు, సరుకు చేరిన రోజు నుంచి కాదు. నోటీసు లేకుండా దావా నిలవదు. బీమా ఉంది కదా అని ఈ నోటీసు వదిలేస్తే బీమా కంపెనీయే మిమ్మల్ని తప్పు పడుతుంది, ఎందుకంటే మీకు చెల్లించాక ట్రాన్స్‌పోర్టరు నుంచి రాబట్టుకునే హక్కు దానికి ఉంటుంది, మీ ఆలస్యం దాన్ని దెబ్బతీస్తుంది. నోటీసు రిజిస్ట్రేషనుతో స్పీడ్ పోస్టులో వెళ్లాలి. ఎల్‌ఆర్ నంబరు, తేదీ, బస్తాల లెక్క, నష్టం రూపాయల్లో రాసి, ఫొటోలు జత చేస్తే ఒక పేజీ చాలు.

ఇక దించనని మొండికేసిన డ్రైవరు. అరవకండి. తొంభై శాతం సందర్భాల్లో అతనికి రావలసింది రాలేదు. "యజమానికి ఎంత ముట్టింది అన్నా?" అని అడగండి. అదే మాట యజమానినీ అడగండి. రెండూ కలిస్తే తప్పు బ్రోకరుది. ముగ్గురూ ఉన్న సందేశంలో 'బ్రోకరు ఖాతా నుంచి కోసి ఇంత మొత్తం నేరుగా యజమానికి వేస్తున్నాం' అని రాసి, సగం దించాక సగం, పూర్తిగా దించాక మిగతాది వేయండి. హాల్టింగు కోసం ఆగాడంటే మొదటి మెట్టులోని సందేశం చూసి, న్యాయంగా ఉన్నది ఇచ్చేయండి. కొన్నవారు గోడౌను ఖాళీ లేదని మూడు రోజులు నిలబెడితే ఆ భారం డ్రైవరు మీద వేయడం నాకు నచ్చదు. అతను బండి కింద వంట చేసుకుని, బండిలో పడుకుని కాపలా కాసింది మన సరుకుకే.

బ్యాలెన్సు వేసిన రోజు మా కొట్టులో ఒక రిజిస్టరులో వరుస నిండుతుంది: బండి నంబరు, యజమాని, డ్రైవరు, బ్రోకరు, బయలుదేరిన గంట, చేరిన గంట, తరుగు, పట్టా ఎలా ఉంది. చివరి గడిలో 'మళ్లీ పిలవవచ్చా' అని ఉంటుంది. ఆ ఇరవై మూడు చిల్లుల బండికి అక్కడ 'అవును' అని రాశాను, పక్కన 'రెండో పట్టా అడగాలి' అని. ఫిబ్రవరి దాటి యార్డు నిండుగా ఉన్నప్పుడు, బండి దొరకడమే గగనమైనప్పుడు, నేను మొదట తిప్పేది ఆ పేజీలనే.